హవల్దార్ గారి కోడలు

2011. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. ఎల్బీ నగర్ దగ్గర మాజీ సైనికుల కుటుంబాలకు అండగా ఉండే ఒక మహిళా సంఘంలో ఆఫీసు పని చూసేదాన్ని. కొత్తగా వచ్చేవాళ్ల ఎలిజిబిలిటీ, అంటే చేరే అర్హత, తేల్చేది నేనే. మాజీ సైనికుడి భార్య, తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్లు, మనుమరాళ్లు చేరొచ్చు. కోడళ్లు చేరకూడదు. ఎందుకని అడిగితే మా పైవాళ్లకూ తెలియదు.

ఆ రోజు బంద్. బస్సుల్లేక మన్సూరాబాద్ నుంచి స్వరూప అనే ఆమె నడిచి వచ్చింది. మామగారు పాత హవల్దార్, పక్షవాతంతో మంచం పట్టాడు, వీపంతా పుండ్లు. సభ్యుల ఇళ్లకు మేమిచ్చే వాటర్ బెడ్, అదే నీళ్లు నింపే పరుపు, ఆయనకు కావాలి. అందుకని సంఘంలో చేరతానంది. కోడళ్లకు కుదరదని చెప్పడానికి నాకే సిగ్గేసింది. రోజూ ఆయన్ని ఎత్తి దించేది ఈమే మరి. పోనీ ఆయనకు కూతుళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను.

"ఒక్కతే బిడ్డ. మా అమ్మనే. ఆమె పోయి శాన ఏండ్లాయె."

నాకు బుర్ర తిరిగిపోయింది. మామగారి కూతురంటే ఆడపడుచు కావాలి గానీ అమ్మ ఎలా అయింది? పెన్ను పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాను. స్వరూప తన మేనమామనే పెళ్లి చేసుకుందట. మా కోస్తా వైపూ ఇలాంటి పెళ్లిళ్లు బోలెడు, అయినా ఆఫీసు కుర్చీలో కూర్చుంటే ఒక పట్టాన తట్టదు. ఆ హవల్దార్ ఆమెకు మామ కాకముందే తాత.

"అయితే మనుమరాలని రాద్దామమ్మా. పరుపు ఇవాళే తీసుకెళ్లొచ్చు" అన్నాను సంబరంగా. ఆమె ముఖంలో ఆ సంబరం లేదు. భర్త చనిపోయాడని అప్పుడు చెప్పింది.

"మనుమరాలని రాస్తే మా ఆయనకు నేనేం కానట్టే గద మేడం. ఆయన లేకున్నా గా ఇంటి కోడలిననుకుంటనే బతుకుతున్న."

రెండూ రాయరాదా అని అడిగింది. కోడలన్న మాట కనబడితే పైవాళ్లు తిప్పి పంపేస్తారని చెప్పాను.

"రాయుండ్రి. తాత వీపు మండుతుందని రాత్రంత ఏడుస్తుండు" అని సంతకం పెట్టింది.

ఆటోలు కూడా లేవు. చుట్టిన పరుపు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. అర్హత తేల్చడమంటే చుట్టరికం కనిపెట్టడమేనని అంతవరకూ అనుకునేదాన్ని. మనిషి చేత ఒక చుట్టరికం వదిలించడం కూడా నా ఉద్యోగంలో ఉందని ఆ రోజు తెలిసింది. ఆమెకు మేలు చేశానో, ఉన్న ఒక్కటీ లాక్కున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.