లూదియా ముట్టుకోని మడి

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, అడవి అంచున మా టేకు నర్సరీ. 1979లో నేనక్కడ కూలీల హాజరు రాసే గుమాస్తాను. ఆ కూలీల్లో లూదియా ఒక్కతే నన్ను లెక్కచేసేది కాదు. నా మాట కంటే మొక్క మాటే ఆమెకు ఎక్కువ.

ఆమె మొగుడు దేవదానం పురుగుమందు చల్లేవాడు. పొడిని గుడ్డసంచిలో పోసి, మూతికి రుమాలైనా కట్టుకోకుండా, మళ్ల మీద దులిపేవాడు. పదేళ్లకు చేతులు వణకసాగాయి. టీ ఇస్తే సగం అతని చొక్కాయే తాగేది. ఆ చొక్కా ఉతుకుతూ లూదియా మందునూ సర్కారునూ కలిపి తిట్టేది. అందులో నాకూ వాటా ఉండేది.

ఆ ఏడు చెన్నకేశవులు అనే పరిశోధకుడు వచ్చాడు. మనిషికి హాని లేకుండా, ఎంత తక్కువ మందుతో అడవి మొక్కల పురుగును ఆపవచ్చో తేల్చడం ఆయన పని. సర్కారు ఒక ఏడాదికే డబ్బిచ్చింది. ఫలితం చూపిస్తే రెండో ఏడూ ఇస్తారు, దానితో నర్సరీ అంతటికీ ముసుగులు, చేతితొడుగులు, పిచికారీ పంపులు వస్తాయి. లేదంటే మళ్లీ ఆ గుడ్డసంచే. ఆయన మూడు మళ్లు తీసుకున్నాడు. ఒకదానికి పాత మోతాదు, రెండోదానికి సగం, మూడోదానికి అసలు మందే లేదు.

ఆకుపురుగు వచ్చింది. సగం మందు వేసిన మడిలో కొంత పురుగు మిగిలింది. మందే వేయని మూడో మడి మాత్రం కళకళలాడింది! చెన్నకేశవులు తల పట్టుకున్నాడు.

"మందెయ్యని మడే బాగుంటే ఈ పరిశోధన ఎందుకంటారప్పా. వచ్చే వారం సర్కారు కమిటీ వస్తాంది. దుడ్లు ఆపేస్తారు," అని నాతో అన్నాడు.

పక్కనే నీళ్లు పోస్తున్న లూదియా బిందె దించింది.

"తప్పు నాది సార్. బిడ్డ సస్తాంటే సూస్తా కూసోమంటే ఎట్ల కూసునేది? రోజూ పొద్దున్నే ఆ మడిలో పురుగులేరి కోళ్లకేస్తాండా."

"ఏడాది కష్టం గంగలో కలిపితివి గదమ్మా!" అని ఆయన అరిచాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, మళ్లీ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఎంతసేపు పడతాది ఏరేదానికి?"

"గంట సార్. ఇద్దరైతే అరగంట."

ఆయన జరిగింది జరిగినట్టు రాశాడు. దాచేయమని సలహా ఇచ్చింది నేనే. ఆ సిగ్గు ఇంకా పోలేదు. కమిటీ పెద్దలు చదివి నవ్వారు, ఆమెను పిలిచి పురుగులు ఏరి చూపించమన్నారు. రెండో ఏడు డబ్బొచ్చింది. నాలుగో మడి ఒకటి చేరింది. దానికి సగం మందు, మిగిలిన పురుగును చేత్తో ఏరడం. షరతు ఒక్కటే, మూడో మడిని లూదియా ముట్టుకోకూడదు.

ఆ వానాకాలం మూడో మడి ఆమె కళ్లముందే ఈనెలు తేలి ఎండిపోయింది. రోజూ దాని పక్కనుంచే ఆమె నీళ్లు మోసింది. నాలుగో మడి మోకాలెత్తు పెరిగింది. చివరి రోజు చెన్నకేశవులు పుస్తకం తెరిచాడు.

"రాసుకోండి సార్. ముట్టుకోలే," అని ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు.

దేవదానం ముసుగు విప్పి, చేతులు కడుక్కుని, ఆమెకు టీ తెచ్చాడు. గ్లాసు అంచుదాకా ఉంది. లూదియా గ్లాసు అందుకోకుండా ముందు అతని చొక్కా చూసింది. పొడిగా ఉంది.