చెరిపేసిన సరిగమలు

మొన్న ఆదివారం మా ఆవిడ అలమర సర్దుతూ క్లబ్‌హౌస్ లైబ్రరీకి ఇచ్చేయాల్సిన పుస్తకాలు ఒక పక్కన పెట్టింది. వాటిలో నా కీబోర్డు పుస్తకం కనబడింది. నన్ను అడగకుండా తీయడం ఒక తప్పు, దాన్ని తీసుకెళ్ళి వంటల పుస్తకాల కింద పెట్టడం రెండో తప్పు. రెండూ గట్టిగా చెబుదామనే చేతిలోకి తీసుకుని తెరిచాను. మధ్యలో ఒక పేజీలో సంగీతం గుర్తులున్న ఐదు గీతల కింద, ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిదరంగు మసక. పెన్సిల్ రాతను రబ్బరుతో రుద్దితే మిగిలే మసక. నాలుగేళ్ళనాటి కోపం కొంచెం కూడా వాడిపోకుండా లేచి కూర్చుంది.

లింగంపల్లి దగ్గర మా అపార్టుమెంట్లలో అప్పట్లో ఆదివారం పొద్దున పూట కీబోర్డు క్లాసు పెట్టారు. మా ఆవిడ చేరతానంటే నేనూ చేరాను. టీచరు మూసాపేట నుంచి స్కూటీ మీద వచ్చే పాతికేళ్ళ అమ్మాయి. మొదటి రోజు నన్ను గుమ్మంలో చూసి, "మనవరాలిని తీసుకొచ్చిన్రా అంకుల్?" అంది. నాకప్పుడు యాభై ఒకటి. ఆ మాట ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. ఇలాంటివి నా దగ్గర చాలానే ఉన్నాయి. హైటెక్ సిటీలో మా ఆఫీసువాళ్ళు ఒక సోమవారం నా కిటికీ పక్క సీటు మార్చేసి మెయిల్ మాత్రం మంగళవారం పంపారు. నేను వస్తున్నానని చూసి మరీ లిఫ్టు తలుపు మూసిన ఏడో అంతస్తు పెద్దమనిషిని ఇప్పటికీ నేను పలకరించను.

క్లాసులో మేమిద్దరం తప్ప అందరూ తొమ్మిదీ పదేళ్ళ పిల్లలు. అడుగు గీత మీద చుక్క ఉంటే ఇ అనే స్వరం, దాని పైన ఖాళీలో ఉంటే ఎఫ్, రెండో గీత మీద ఉంటే జి. వాళ్ళు ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేసేవారు. నాకు ఆ ఐదు గీతలూ కరెంటు తీగల్లాగా, చుక్కలు వాటి మీద వాలిన పిట్టల్లాగా ఉండేవి. ఏది ఎక్కడ వాలిందో చూసుకునేలోపు పాట అయిపోయేది. చిన్నప్పుడు మా మేనత్త నేర్పిన సరళీ స్వరాలు మాత్రం నోట్లో ఉన్నాయి. అందుకని ప్రతి చుక్క కిందా పెన్సిల్‌తో స, రి, గ, మ అని రాసుకున్నాను. హాయిగా వచ్చేసింది. టీచరు చూసి, "గిట్ల రాసుకుంటే మీరు తెలుగు చదువుతరు అంకుల్, నోట్సు చదవరు. చెరిపేయండి," అంది, పిల్లలందరి ముందూ. వచ్చే వారం ఇంకాస్త ముదురుగా రాసుకొచ్చాను.

అపార్టుమెంటు వార్షికోత్సవానికి ఒకే కీబోర్డు మీద ఇద్దరు వాయించే పాట ఒకటి టీచరు మా దంపతులకిచ్చింది. పై భాగం నాది, కింది భాగం మా ఆవిడది. అంతకుముందు పాటలన్నీ సి దగ్గర మొదలయ్యేవి కనుక నా వేళ్ళకు స అంటే సి మెట్టే. ఈ పాటకు మాత్రం ఆధార స్వరం జి. చెవికి అదే షడ్జమంలా వినిపించి, రెండో గీత మీది చుక్క కింద కూడా స అనే రాశాను. మా మేనత్త నేర్పిన లెక్కలో అది తప్పు కాదు, షడ్జమం మనం ఎక్కడ పెట్టుకుంటే అక్కడ. కానీ వాయించేటప్పుడు స చూడగానే నా వేళ్ళు అలవాటుగా సి మీదికి పోయాయి. మా ఆవిడ ఒక శ్రుతిలో, నేను ఇంకో శ్రుతిలో. ఆపి, "నువ్వు తప్పుతున్నావు," అన్నాను.

"ఆంటీ కరెక్టే అంకుల్. మీరే వేరేటోళ్ళింట్ల కూసున్నరు," అంది టీచరు. పిల్లలు నవ్వారు. "ఆ అక్షరాలు పోకపోతే ఆ రోజు ఆంటీతోని నేనే వాయిస్త."

పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో మా ఆవిడ పక్కన నా చోటు ఇంకొకరికిస్తామని ఎవరూ అనలేదు. ఆ వారమంతా ఆఫీసు బస్సులో ఫోనులో పాట ఫోటో పెట్టుకుని లోపల్లోపలే ఇ, జి, బి అనుకున్నాను. అక్షరాలు మాత్రం చెరపలేదు. పైగా నేను చెరిపేశానని టీచరుకు అబద్ధం చెప్పాను.

వార్షికోత్సవం సాయంత్రం అందరి ముందూ కూర్చుని పుస్తకం తెరిస్తే అక్షరాలు లేవు. మసక మిగిలింది. టీచరు వైపు చూశాను. ఆమె మైకు సరిచేస్తోంది. పుస్తకాలు స్టాండు మీద పెట్టింది ఆమే, ఇది ఆమె పనే అనుకున్నాను. "మొదలెట్టండి," అంది మా ఆవిడ మెల్లగా. రెండో గీత, జి. నొక్కాను. జి పలికింది. దాని పైఖాళీ ఎ, మూడో గీత బి. పిట్టలు ఒక్కొక్కటే పేర్లు చెప్పాయి. ఒకచోట వెనకబడితే మా ఆవిడ తన వేళ్ళు రవ్వంత ఆపి నాకోసం ఆగింది. పాట ఇద్దరిదీ కలిసే ముగిసింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది కానీ, అంత తేలికగా ఊపిరి పీల్చి ఎన్నాళ్ళయిందో.

అయినా నా పుస్తకం ముట్టుకున్నందుకు టీచరును క్షమించలేదు. ఆ తర్వాత రెండు నెలలకు ఆమెకు వేరేచోట ఉద్యోగమొచ్చి వెళ్ళిపోతుంటే పిల్లలు పెట్టిన టీ పార్టీకి కూడా వెళ్ళలేదు.

మొన్న ఆ పేజీ చూపించి, "చూడు, ఎంత పని చేసిందో," అన్నాను.

మా ఆవిడ దుమ్ము దులుపుతూనే, "ఆ అమ్మాయి కాదండీ, నేను. మీరు స్నానానికి వెళ్ళినప్పుడు," అంది.

"నాలుగేళ్ళు చెప్పలేదేం?"

"ఆ పిల్ల మీద కోపం ఉన్నంతకాలం నా మీద ఉండదు కదండీ."

కోపం తెచ్చుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. రాలేదు. బదులుగా వీపు మీంచి ఎవరో సంచీ దించినట్టయింది. టీచరుకు సంగతంతా మెసేజ్ పెట్టి తప్పు ఒప్పుకున్నాను. పావుగంటలో జవాబొచ్చింది: "గా ఫికర్ ఏం పెట్టుకోకండి అంకుల్. ఇగ పెన్సిల్ లేకుంటనే వాయిస్తున్రా?"

వాయిస్తున్నానని రాశాను. పుస్తకాన్ని అలమరలో దాని చోట పెట్టాను. కాలం కూడా మా ఆవిడలాంటిదే కాబోలు, మనం గట్టిగా రాసి పెట్టుకున్నవాటిని మనం అటు వెళ్ళిన సమయం చూసి చెరిపేస్తుంది. చెరిపిందని మనకు తెలిసేసరికి, అవి లేకుండానే వాయిస్తూ ఉంటాం.