మూడో పాదంలో ఆగే చెయ్యి

అరవై ఎనిమిదో ఏట పియానో నేర్చుకోవడం హాస్యాస్పదమని బందరులో నాతో అనని వారు లేరు. వారి అభిప్రాయం నేను అడగలేదు. నా భార్య పోయి ఏడాది నిండే నాటికి, మా చర్చిలో జరిగే ఆమె జ్ఞాపకార్థ ఆరాధనలో, ఆమెకిష్టమైన ఒక్క కీర్తన తప్పు లేకుండా వాయించాలి. నాకు కావలసింది అంతే. నా వల్ల కాకపోతే ఎలక్ట్రిక్ కీబోర్డులో తబలా మోగించి కానిస్తామని సంఘపెద్దలు ముందే తేల్చారు. ముప్పయ్యేళ్ళు ఆ చర్చిలో స్త్రీల వైపు నిలబడి పాట ఎత్తుకున్న మనిషికి, డబ్బాలో తబలా!

గుడివాడ నుంచి రిటైరైన సంగీతం టీచరుగారొకరు శనివారాలు బస్సులో వచ్చి నేర్పేవారు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి చర్చి తాళం తీయించుకుని అక్కడి పియానో మీద ఒక్కణ్ణే సాధన చేసేవాణ్ణి. ప్రతి తప్పునూ, ఏ పాదంలో జరిగిందో దానితో సహా, నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండు నెలల తర్వాత తిరగేస్తే మిగతా తప్పులన్నీ తగ్గుతూ వచ్చాయి. మూడో పాదంలో, ఒక మాట సగంలో, నా చెయ్యి ఆగడం మాత్రం ఒక్క రోజూ మానలేదు.

"అన్నయ్యగారూ, అక్కడ ఆగమని ఎవరు చెప్పారండీ? మాట మధ్యలో దిగి కాఫీ తాగొస్తున్నారు!" అన్నారు టీచరుగారు.

"నేను ఆగడం లేదమ్మా. కీ పట్టేస్తోంది."

ఉప్పుగాలికి చెక్క ఉబ్బి కీ బిగుసుకుందని సంఘానికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు ఇచ్చే మర్యాద ఎవరికీ లేకపోయింది. బాగుచేసే మనిషిని నేనే పిలిపించాను. అతను కీలన్నీ నొక్కి చూసి, "లోపమేం లేదండీ" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మరొకటి గమనించాను. కాలు పెడల్ మీద ఉండగా చెయ్యి ఆగినప్పుడల్లా లోపలి తీగెలు సన్నగా పలికేవి, ఎవరో గాలి పీల్చుకున్నట్టు. పెడల్ తొక్కి ఉంచితే గదిలో ఏ చిన్న చప్పుడుకైనా తీగెలు బదులిస్తాయని టీచరుగారు చెప్పారు. అయితే ఆ చప్పుడు ఎక్కడిదో తేల్చాలి. ఒక రోజు ఫ్యాన్లు ఆపాను. మరునాడు కిటికీలు మూశాను. మూడో రోజు నా ఊపిరి బిగబట్టి వాయించాను. తీగెలు పలికాయి. 'స్త్రీల వైపు నుంచి' అని పుస్తకంలో రాసి, ఆధారం లేని మాట గనుక కొట్టేశాను.

తర్వాతి శనివారం టీచరుగారు విసిగిపోయి కీర్తన తామే పాడి వినిపించారు. మూడో పాదం ఎక్కడా ఆగకుండా సాగిపోయింది.

"ఇలా పాడరండీ" అన్నాను.

"గుడివాడలో అందరం ఇలాగే పాడతాం. మీకెవరు నేర్పారో గానీ!"

ఎవరు నేర్పారో నాకు తెలుసు. నా భార్యది దివిసీమ. చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఆ పాదం ఒక్క గుక్కలో పాడలేక సగంలో ఊపిరి తీసుకునేది. ముప్పయ్యేళ్ళు విన్న నా చెవికి అదే పాట అయింది. టీచరుగారితో ఈ మాట చెప్పలేదు. నా భార్య జబ్బును ఆమె పేరున జరిగే ఆరాధనలో నలుగురికీ వినిపించడం నాకు సమ్మతం కాలేదు. మూడు వారాలు శ్రమపడి, ఆగకుండా వాయించడం సాధించాను.

ఆరాధన రోజున, మొదటి చరణం మూడో పాదంలో, నా చెయ్యి ఆగలేదు. చర్చి అంతా ఆగింది. ముసలివాళ్ళూ, నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన కోడళ్ళూ, మాట సగంలో నోళ్ళు తెరిచి నిలబడ్డారు. నా పియానో ఒక్కటే వాళ్ళను దాటి ముందుకు పోయింది. అప్పుడు అందరూ ఒక్కసారిగా గాలి పీల్చుకున్నారు.

రెండో చరణంలో ఆ చోటికి రాగానే, కాలు పెడల్ మీదే ఉంచి కీల మీంచి చేతులు తీశాను. సంఘం ఊపిరి తీసుకుంది. తీగెలు పలికి సద్దుమణిగాయి. ఆ తర్వాత, స్త్రీల వైపు నుంచి, ఇంకొక ఊపిరి మొదలైంది, నిదానంగా, కష్టంగా. ఎవరూ పాట అందుకోలేదు. ఆ ఊపిరి పూర్తిగా అందేదాకా నేనూ ఆగాను.