మా ఇంట్లో ఆడవాళ్ళు పిలవలేని పేర్లు

మా కవలలకు నేను పేర్లు పెట్టిన తీరు వింటే, మీ ఇంట్లో పిల్లికి పేరు పెట్టడానికైనా నన్ను పిలవరు.

అప్పటికి నాన్న పోయి ఏడాది కాలేదు. ఆయనా, అంతకుముందే పోయిన పెదనాన్నా చీపురుపల్లి బజారులో ఒకే కిరాణా కొట్టు నడిపారు. ఆ ఇద్దరి పేర్లూ ఇంట్లో మళ్ళీ మోగాలని నా కోరిక. పుట్టినవాళ్ళిద్దరూ మగపిల్లలే. ఇక ఆలోచన దేనికి? పెద్దవాడు పెదనాన్న పేరున సత్యనారాయణ, చిన్నవాడు నాన్న పేరున సూర్యనారాయణ. తక్కెడలో చెరోవైపు పెడితే ముల్లు కదలనంత సమమైన పేర్లు. పుస్తకాలు చదివినవాణ్ణి కదా, ఎవరినీ అడగలేదు. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం మీద రాసి, పైకి చదివాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సంతోషం పట్టలేక అనుకున్నాను.

మర్నాటికి గాని తెలివి రాలేదు. అమ్మ జన్మలో మొగుడి పేరు పలకలేదు. బావగారి పేరూ అంతే. పోనీ నా భార్య ఉంది కదా అంటారా? డిగ్రీ చదివిన మనిషే. చదువుకున్నదానివి, నువ్వైనా పిలవమని ఆవిడతో అన్నాను.

"మావ పేరెట్టి, ఒరే ముక్కు తుడుసుకో అనమంతావేటి? అదీ అత్త ముందర?" అంది.

అంతే. నాన్న పేరు మోగాలని పెట్టి, పిలవాల్సిన నోళ్ళకు నేనే తాళం వేశాను. పేరు గొప్ప, పిలుపు దిబ్బ. సాయంత్రం నేను ఇంటికొచ్చి పిలిచేదాకా పిల్లలకు పేర్లే లేవు. పెద్దవాడు "అదిగో", చిన్నవాడు "ఇదిగో". చిన్నవాణ్ణి అమ్మ "పాలు తాగండి" అని బతిమాలడం ఈ చెవులతో విన్నాను. పోలియో చుక్కలు వేసే అమ్మాయి పేర్లడిగితే, అమ్మ ఆమెను కొట్టు దాకా నడిపించుకొచ్చి, అన్నదమ్ములిద్దరి పేర్లూ ఉన్న బోర్డు చూపించింది.

పిల్లలకు నడక వచ్చింది. ఒక సంతరోజు నేను బేరంలో ఉండగా చిన్నవాడు కొట్టు మెట్లు దిగి, ఆటోల మధ్యకు పరుగు తీశాడు. అమ్మ వెనకే పడి "ఇదిగో, ఇదిగో" అంది. సంతలో సగం మంది వెనక్కి తిరిగారు, వాడు తప్ప.

"ఒరే సూర్నారాయణా, ఆగరా అక్కడ," అని అరిచింది మా అమ్మే.

వాడు ఆగాడు. ఆటో ఆగింది. బజారే ఆగినట్టయింది. అమ్మ వాణ్ణి చంకనేసుకుని వచ్చి, కొట్లో నాన్న ఫోటో వైపు చూసింది. లెంపలు వేసుకుంటుందనుకున్నాను.

"మీ నాన్నని ఒక్కపాలైనా ఒరే అనాలనుండేదిరా," అంది. "సెప్పిన మాట ఎప్పుడైనా ఇన్నాడేటి?"

నాన్న పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు మా అమ్మ సూర్నారాయణని అన్నానికి పిలిస్తే పక్క వీధిలో వినబడుతుంది. తండ్రి పేరు నిలబెట్టిన కొడుకులను మీరు చూసే ఉంటారు. ఆ పేరుకు రోజూ ఇన్ని తిట్లు తినిపించి, ఇంత గర్వపడే కొడుకును మాత్రం నేనొక్కణ్ణే.

అయినా తప్పు తప్పే. అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: మా ఇంట మళ్ళీ కవలలు పుడితే పేర్ల జోలికి పోను. అమ్మే పెడుతుంది. ఈసారి ఆడపిల్లలైతే ఒకదానికి తన అత్తగారి పేరు పెట్టాలని ఇప్పటికే చెప్పి ఉంచింది.