చెరువుకు కొర్రమట్టలు తెచ్చిన మా బావ

మా బావ పోయాడన్న కబురు నాకు మంచిర్యాల చేపల బజారులో అందింది. నా డబ్బాలో ఇంకా మూడు కొర్రమట్టలు బతికే ఉన్నాయి. చెన్నూరు దిక్కు నుంచి వచ్చిన బస్సు దిగి మా ఊరి మనిషి ఒకడు నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "పెద్దవ్వా, మీ బావ పొద్దుగాల లెవ్వలే" అన్నాడు. చేప బేరం ఆడుతున్న బొగ్గుబాయిలో పనిచేసే మనిషి తీసిన డబ్బు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మెల్లగా పక్కకు జరిగాడు. డబ్బాను పక్కన కూర్చున్న ఆమెకు అప్పజెప్పి నేను బస్సెక్కాను.

బావ అంటే నా భర్తకు అన్న. నా భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే.

బస్సు చెరువు కట్ట మీదికి ఎక్కగానే కిటికీలోంచి చూశాను. నీళ్లలో వల ఉంది. పన్నెండు మంది రెండు పక్కలా నిలబడి లాగుతున్నారు. మా చేపల సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. సంఘం మనిషి ఎవరు పోయినా ఆ రోజు వల నీళ్లలో పడదు. ముందే వేసి ఉంటే తీసి కట్ట మీద ఆరేస్తారు. చేప పడినా పడకపోయినా, పెండ్లికి అడ్వాన్సు తీసుకున్నా సరే. నా భర్త పోయినప్పుడు ఆగింది. తాగి, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడిలో పడి చచ్చినవాడికీ ఆగింది. మా బావకు ఆగలేదు. ఎందుకంటే మా బావ సంఘం మనిషి కాడు. సంఘం ఆయన పేరు కొట్టేసింది.

ఎందుకు కొట్టేసిందో చెప్పడానికే ఇది రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా వాడకట్టు టీచరమ్మ రాస్తోంది. చదివేవాళ్లు మా బావను ఎరగరు. ఆయన మీద పడ్డ మాట తప్పని మీకు తెలిస్తే నాకు చాలు.

ఒక కరువులో మా చెరువు అడుగుదాకా ఎండింది. ఆ ఎండాకాలం ఊరంతా గడ్డపారలు పట్టుకుని దిగి బురద తవ్వి, అందులో దాక్కున్న కొర్రమట్టలన్నీ ఏరుకుని తిన్నది. మేమూ తిన్నాం. తరువాత వానలు పడ్డాయి, చెరువు నిండింది. సర్కారు వాళ్లు బొచ్చె, రవ్వు చేపల పిల్లలు తెచ్చి పోశారు. రెండేళ్లు, మూడేళ్లు చూశాం. బొచ్చెలు అరచెయ్యి దాటలేదు. వల లాగితే గంపల కొద్దీ వేలెడు చిల్లర చేప. వాటిని మంచిర్యాలలో పిల్లికి కూడా కొనేవాడు లేడు. మగవాళ్లు ఎండబెట్టి అమ్ముదామన్నారు, మందు వేసి చంపుదామన్నారు.

మా బావ ఒక్కడే చెరువుకు ఏం తక్కువైందో చెప్పాడు. మింగేవాడు లేడన్నాడు. కొర్రమట్ట ఉన్నంతకాలం చిల్లర చేప అదుపులో ఉండేది, బొచ్చెకు మేత మిగిలేది. మనమే తవ్వుకుని తిన్నాం, మనమే తెచ్చి పోయాలన్నాడు. సంఘంలో నవ్వారు. "మేకల మందల తోడేలును ఇడుస్తనంటున్నవా?" అని అడిగారు.

"చెరువుకు జర భయం ఉండాలె" అన్నాడు ఆయన. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు.

గోదావరి ఎండాకాలం పాయలు పాయలుగా విడిపోయి మడుగులు నిలుస్తాయి. బావ ఆ మడుగుల వెంట తిరిగి కొర్రమట్టలను జంటలుగా పట్టాడు. వెడల్పు మూతి కుండల్లో జానెడే నీళ్లు, మీద తడి గోనె, కావడి భుజాన. ఎండ ముదరకముందే నడిచి, నీడ దొరికిన చోట ఆగి, గోనె మళ్లీ తడుపుకుని వచ్చేవాడు. ఆ ఎండాకాలమంతా అదే పని. భుజం మీద కావడి ఒత్తుకుని పుండు పడింది. చెరువులో తుంగ పెరిగిన మూల చూసి వాటిని వదిలాడు.

మరుసటి వానకాలం తుంగలో ఎర్రటి పిల్లల గుంపులు కనిపించాయి. కొర్రమట్ట పిల్లలు పుట్టగానే ఎర్రగా, ఎర్రమన్ను ముద్దలా గుంపుగా తిరుగుతాయి. కిందనే తల్లీతండ్రీ కాపలా. గుంపును చూసి గాలం వేస్తే పెద్దది తప్పకుండా తగులుతుంది. తగిలితే పిల్లలు చెదిరిపోయి కప్పల పాలవుతాయి. పిల్ల నల్లబడేదాకా గాలం వేయొద్దని బావ కట్ట మీద అందరితో ఒట్టు వేయించాడు. ఇప్పటికీ మా చెరువులో ఎవరూ వేయరు. ఆ ఒట్టు ఎవరు వేయించారో ఇప్పటి మగపిల్లలకు తెలియదు.

చిల్లర చేప తగ్గింది. ఇక బొచ్చె పిల్లలు పోయవచ్చన్నాడు బావ, కానీ ఒక షరతు పెట్టాడు. లారీలో వచ్చే పిల్ల జీలకర్ర గింజంత ఉంటుంది. దాన్ని చెరువులో పోస్తే కొర్రమట్ట నోట్లో పోసినట్టే. కట్ట కింద ఉన్న చిన్న కుంటలో రెండు నెలలు పెంచి, వేలంత అయ్యాక చెరువులోకి మార్చాలి. అంతా సరే అన్నారు. నా భర్త అప్పుడు సంఘానికి పెద్ద. కుంటలో పిల్లలకు రెండు పూటలా తవుడు, పల్లిచెక్క వేసే పని మా ఇంటికి పడింది. అంటే నాకు పడింది.

పిల్లల లారీ వచ్చిన రోజు బావ ఊళ్లో లేడు. మత్తడి మీద నుంచి చేప కొట్టుకుపోకుండా తడకలు కట్టాలని వెదురు కోసం అడవికి పోయాడు. సంచుల్లో పిల్లలు, కట్ట మీద మగవాళ్లు, నా భర్త నా మొఖం చూశాడు. నాకు ఆ ఏడు నాట్లున్నాయి, ఇంట్లో అత్త మంచం పట్టి ఉంది. దినాం రెండుసార్లు తవుడు గంప నెత్తిన పెట్టుకుని కట్ట దిగి ఎక్కడం తలచుకుంటేనే కాళ్లు లాగాయి.

"గింత పెద్ద చెరువు పెట్టుకొని గా గుంతల ఎందుకు? చెరువులనే పొయ్యున్రి" అన్నాను.

టీచరమ్మ ఇక్కడ ఆగి, ఇది కూడా రాయాల్నా అవ్వా అని అడిగింది. ఇది రాయడానికే కదమ్మా నిన్ను కూర్చోబెట్టింది అన్నాను.

నా భర్త పోశాడు. చలికాలం మొదటి వల లాగితే కొర్రమట్టలు బాగా బలిసి వచ్చాయి. బొచ్చె ఒక్కటీ రాలేదు. సంఘం కూర్చుంది. తోడేలును తెచ్చినవాడని బావను నడుమ నిలబెట్టారు. పిల్లలను నేరుగా చెరువుల పొయ్యమన్నది ఎవరని అడిగారు. నేను గోడ పక్కన ఆడవాళ్లతో కూర్చుని ఉన్నాను. నా భర్త నేల చూస్తున్నాడు.

"నేనే పొయ్యమన్న" అన్నాడు బావ.

ఆయన ఆ రోజు ఊళ్లోనే లేడని అక్కడ సగం మందికి తెలుసు. ఒక్కరూ నోరు తెరవలేదు. కోపానికి ఒక మనిషి దొరికితే చాలు కదా. నేనూ తెరవలేదు. సిగ్గుపడి ఊరుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు కాదు, భయం. నా భర్త పేరు కొడితే మా పొయ్యి ఎలా వెలుగుతుందని భయం. బావ పేరు కొట్టేశారు. వల మీద హక్కు పోయింది.

మరుసటి ఏడు సంఘం ఆయన చెప్పినట్టే పిల్లలను కుంటలో పెంచింది. తవుడు నేనే మోశాను, ఒక్క పూట తప్పలేదు. ఆ ఏడు బొచ్చెలు మోచెయ్యి పొడుగు వచ్చాయి. తరువాత మంచిర్యాల నుంచి ఐసు పెట్టెల వాళ్లు వచ్చారు, బొగ్గుబాయి కాలనీల నుంచి సైకిళ్ల మీద బేరగాళ్లు వచ్చారు. జీతాల రోజు కొర్రమట్ట బతికి ఉన్నది కావాలని వాళ్లే కట్ట దాకా వచ్చేవారు. పక్క ఊళ్ల సంఘాలు వచ్చి మా చెరువు చూసిపోయాయి. అందరూ సంఘాన్ని మెచ్చుకున్నారు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ చెరువు నడిచింది మా ఇంటి గడప మీద. నా ఏరాలు, అంటే బావ భార్య, చిన్న వయసులోనే పోయింది. బావకు బువ్వ నేనే పెట్టేదాన్ని. మా దిక్కు మరదలు బావతో ఎదురుగా మాట్లాడదు. కంచం గడప దగ్గర పెట్టి, కొంగు లాక్కుని, తలుపు వెనక్కి జరిగేదాన్ని. ఆయన నీళ్ల కుండను చూస్తూ మాట్లాడేవాడు.

"పిల్లలు ఇంక వేలంత కాలే. పది దినాలు ఆగుమను."

"ఈయేడు మత్తడి జల్ది పారుతది. తడకలు ముందుగాల్నే కట్టుమను."

కుండతో చెప్పింది నేను నా భర్తతో చెప్పేదాన్ని, ఆయన సంఘంతో చెప్పేవాడు. పొద్దున్నే కుంటకు అవతలి గట్టు మీద నిలబడి నీళ్ల రంగు చూడటం తప్ప బావ ఇంకేం చేసేవాడు కాదు. సంఘం కుంట కదా, ఇవతలికి వచ్చేవాడు కాదు. నా భర్త పోయాక నేనే సంఘానికి పోయి చెప్పాను. పెద్దవ్వకు చెరువు కడుపుల ఉన్నదంతా ఎరుక అన్నారు. ఆ పొగడ్త కూడా నేను మింగాను. కొర్రమట్టకన్నా పెద్ద నోరు నాది.

మొన్నటి వానల్లో, ఆయనకు దగ్గు మొదలైన రోజుల్లో, ఒక పగటి పూట కంచం పెట్టి తలుపు వెనక్కి జరగకుండా అక్కడే నిలబడ్డాను. నేనూ కుండనే చూశాను.

"గా దినం పొయ్యమన్నది నేను" అన్నాను.

"ఎరుకే" అన్నాడు.

"మరి గట్ల ఎందుకు చెప్పిన్రు?"

కంచం దగ్గరికి జరుపుకున్నాడు. తరువాత, "బువ్వ సల్లారుతది, పులుసు పొయ్యి" అన్నాడు. పోశాను. తిని, చెయ్యి కడుక్కుని, కుంట దిక్కు పోయాడు. మా ఇద్దరి మధ్య ఆ సంగతి మీద జరిగిన మాటలు అంతే. ఇక జరగవు. ఇప్పుడు వండేటప్పుడు ఆయన వంతు రెండు పిడికిళ్ల బియ్యం ఎక్కువ పడితే తీసి మళ్లీ గురుగు కుండలో పోస్తున్నాను.

ఆయన దినాలనాడు నేను సంఘం ఇంటికి పోయాను. మగవాళ్లు కూర్చునే చాప మీదనే కూర్చున్నాను. మీకు చెప్పినదంతా వాళ్లకూ చెప్పాను. ఇప్పుడు సంఘానికి పెద్దగా ఉన్నవాడు నా కళ్ల ముందు పుట్టినవాడు. "గిన్నేండ్లకు గిప్పుడెందుకు పెద్దవ్వా? గప్పుడున్నోళ్లు లేరు, పోయినోళ్లు రారు" అన్నాడు.

"నేనున్న కదరా" అన్నాను. "నా పేరు కొట్టున్రి. ఆయన పేరు రాయున్రి. రాసినంక ఒక్క దినం వల బందు పెట్టున్రి. గంతే నేనడిగేది."

మాట్లాడుకున్నారు. ఒకడు నవ్వాడు, ఒకడు తల గోక్కున్నాడు. ఐసు పెట్టె లారీ రేపు వస్తుందని ఒకడు గొణిగాడు. చివరికి పుస్తకం తెచ్చారు. నా పేరు కొట్టలేదు, ఆడదాని పేరు అందులో ఎన్నడూ లేదట, కొట్టడానికి. అది ఇంకో తగాదా, ఊపిరుంటే అదీ చూస్తాను. బావ పేరు రాశారు. రాసింది నాకు చదవరాదు కనుక ఎక్కడ రాశారో వేలుతో చూపించమన్నాను.

తెల్లారి లారీ ఖాళీగా తిరిగిపోయింది. నేను పొద్దటి నుంచి కట్ట మీదనే కూర్చున్నాను. చెరువు మీద మనిషి లేడు, మాట లేదు. ఎండ పడమటికి దిగినాక తుంగ పక్కన ఒక పెద్ద కొర్రమట్ట పైకి తేలింది. ఒక గుక్క గాలి పీల్చి, తొందరేమీ లేనట్టు తిరిగి కిందికి పోయింది. దాని చుట్టూ లేచిన అల ఒక్కటే మెల్లగా వెడల్పవుతూ కట్ట దాకా వచ్చి నా కాళ్ల దగ్గర రాయిని తాకింది.