మూత తీసే ముందు

ఆ అమ్మాయి ముఖం కన్నా టిఫిన్ డబ్బా మూత మీద ఆనించిన ఆమె చెయ్యే నాకు బాగా గుర్తు.

బొమ్మసంద్రలో మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మా ఈడువాళ్లమంతా డబ్బాలు బల్ల మధ్యలో పెట్టి పంచుకు తినేవాళ్లం. ప్యాకింగ్‌లో కొత్తగా చేరిన ఆనేకల్ ఊరి నుంచి వచ్చే ఈ అమ్మాయి మొదటిరోజు ఎండుచేపల కూర తెచ్చి, ఎంతో ఇష్టంగా మధ్యలోకి జరిపింది. నా పక్కనున్నవాడు ముక్కు మూసుకుని, "ఇట్లాంటివి తేవద్దమ్మా, మేం కూడా తినాలి కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆనాటి నుంచి ఏం తెచ్చినా మూత మీద చెయ్యి పెట్టి, నా వైపు చూసి అడిగేది: "వాసన వస్తా ఉండాదా అక్కా?" చిత్రాన్నం తెచ్చినా అడిగేది. ఒకరోజు పెరుగన్నానికీ అడిగింది.

"లేదులే, తియ్యి" అనేదాన్ని, ఏదో దయ చూపిస్తున్నట్టు.

ఆర్నెల్లకు ఆమె పని మానేసింది. ఎందుకని ఎవరమూ అడగలేదు.

మా ఇంట్లో ప్రతి ఆదివారం ఎండుచేపల పులుసే. సోమవారం డబ్బాలో మాత్రం పప్పే పెట్టమని అమ్మతో గొడవపడేదాన్ని. ఆ సంగతి ఆ పిల్లకు ఒక్కసారి చెప్పి ఉంటే, పెరుగన్నం మూత తీయడానికి నన్ను అడిగేది కాదు.