నెట్టు మీద అసూయ

మునెయ్య రోజూ పొద్దున కంపెనీ బాల్ బ్యాడ్మింటన్ కోర్టు దగ్గర ఆగి, ఆటగాళ్ళ పళ్ళేల్లోకి తొంగిచూసి, కడుపునిండా అసూయపడి, ఆ తర్వాతే అభ్రకం షెడ్డులో అడుగుపెట్టేవాడు. గూడూరులో అసూయపరులకి కొదవలేదు గాని, ఇంత క్రమం తప్పకుండా అసూయపడేవాణ్ణి నేను చూడలేదు. ఆ షెడ్డులో తూకం గుమాస్తాని నేనే. ఆయన పక్కింటివాణ్ణి కూడా.

పంతొమ్మిది వందల అరవైలలో మా యజమాని పద్మనాభయ్యకి ఆట పిచ్చి పట్టింది. ఎక్కడెక్కడి ఆటగాళ్ళనో తెచ్చి గుమాస్తాలని పేరు పెట్టాడు. వాళ్ళకి గుడ్లు, పాలు, తెల్ల క్యాన్వాసు జోళ్ళు. మునెయ్యలా అభ్రకం పొరలు తీసేవాళ్ళకి వేళ్ళ నిండా గాట్లు, గొంతు నిండా దుమ్ము.

"కోర్టుకి బండి మీద పీపాలతో నీళ్ళు తెచ్చి తాపుతుండారు. మన కుండ మధ్యాన్నానికే ఎండిపోతుండాది. ఆ మట్టిగా పుట్టినా బాగుండు!" అనేవాడు మునెయ్య.

వాన వస్తే నెట్టు విప్పి లోపల పెట్టేవాళ్ళు. మా షెడ్డు మాత్రం కారుతూనే ఉండేది. ఆ రోజు ఆయనకి అన్నం సయించేది కాదు.

"నెట్టు మీద కూడా ఏడుస్తావా?" అంది భార్య నాగులమ్మ.

"అది తడవకుండా చూసే దిక్కుండాది. నాకెవురుండారు?"

"నేను లేనా?"

"నన్ను చుట్టి లోపల పెడతావా?"

అందరికన్నా ఎక్కువ మంట జీవానందం అనే కుర్రాడి మీద. జట్టులో మేటి ఆటగాడు వాడే.

"ఏం అబ్బయ్యా, ఈ పూట ఎన్ని గుడ్లు?"

"రెండన్నా."

"నిన్న పెట్టినవా, ఇయ్యాళవా?"

ఒక పోటీలో జీవానందం మోకాలు దెబ్బతింది. ఇక ఆడలేడని డాక్టరు చెప్పగానే యజమాని, కంపెనీ ఇచ్చిన గది ఖాళీ చేసి ఊరికి పొమ్మన్నాడు. తల్లీ చెల్లెళ్ళూ వాడి సంపాదన మీదే బతుకుతున్నారు. ఈ కబురు విని మునెయ్య పండగ చేసుకుంటాడనుకున్నాం. ఆయన మాత్రం పొరలు తీసే కత్తి చేతిలో అలాగే పట్టుకుని యజమాని గదిలోకి దూసుకుపోయాడు.

"అన్నీ వాళ్ళకేనా అయ్యా? తినేదీ వాళ్ళే, తిరిగేదీ వాళ్ళే, ఇప్పుడు ఇంటికి పోయి పడుకునేదీ వాళ్ళేనా? కుదరదు! వాణ్ణి షెడ్డులో కూర్చోబెట్టండి. మా దుమ్ము వాడూ మింగాల!"

యజమానికి నవ్వొచ్చింది. "సరే. వారంలో చెయ్యి కుదరకపోతే మాత్రం పంపించేస్తా."

మునెయ్య వాణ్ణి పక్కనే కూర్చోబెట్టుకుని, నేర్పినంతసేపూ తిట్టాడు. "అన్ని పాలు తాగి ఒక్క పొర తీయలేవా?" కుర్రాడి చేతిలో పొర ముక్కలయ్యేది. బుట్టలు తూకానికి వచ్చేముందు మునెయ్య చుట్టూ చూసి, తన బుట్టలోని మంచి పొరలు వాడి బుట్టలో వేసేవాడు. చుట్టూ చూసినవాడు తూకం వైపు చూడ్డం మరిచిపోయేవాడు. నేను తూకం ముల్లు వైపే చూసేవాణ్ణి.

వారం చివర మేస్త్రీ మస్తానయ్య బుట్టలు చూశాడు.

"భేష్ అబ్బయ్యా! నీ పని ఖాయం. మునెయ్యా, నీ బుట్టేంది ఇట్టుండాది? ఈ అబ్బయ్యని చూసి నేర్చుకో."

ఆ సాయంత్రం మునెయ్య గొంతు మా గోడ దాటి వచ్చింది.

"వాడికి భేష్ అంట! ఇన్నేళ్ళలో నన్నొక్కసారన్నా అన్నాడా?"

"ఆ పొరలు తీసింది నువ్వే గదా?" అంది నాగులమ్మ.

"అందుకే గదా మంట! రేపట్నించి వాడికి ఒక్క పొర ఇస్తే అడుగు!"

మర్నాడు జీవానందం బుట్ట మునెయ్య బుట్టకన్నా అరకిలో ఎక్కువ తూగింది.